ఫౌస్తినో తవ్విన బావి, నా తదనంతరం

కాసపా జిల్లా తకువారీ ఊళ్లో పుట్టి, యాభై ఆరేళ్లుగా ఆ ఊళ్లోనే ఉంటున్న దెయోలిందా బ్రితెస్ అనే నేను, కీర్తిశేషుడు కాసియానో బ్రితెస్ కూతుర్ని, పెళ్లి కానిదాన్ని, సంతానం లేనిదాన్ని, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ నూరిపోయలేదు. నా బుద్ధి స్థిరంగా ఉంది. రుజువు కావాలంటే: ఈ పొద్దున ఇరవై మూడు కోళ్లకు మేత వేశాను, వాటిలో ఎర్రది పొదుగుతోంది; కర్రపెండలం ఆరు వరసలు తవ్వించాను, నాలుగు వరసలు మే నెలకు వదిలాను; దీపం నూనె ఎంతుందో, ఉప్పు ఎంతుందో చూడకుండా చెప్పగలను. నేను కోపంగా ఉన్నమాట నిజం. కోపం వేరు, మతి తప్పడం వేరు అని నోటరీ అల్సిదెస్ రొలోన్ గారు చట్టం తీసి చదివి వినిపించారు. కనుక కోపంగానే రాస్తున్నాను.

1. ఈ వీలునామాకు కారణం. వచ్చే సోమవారం, 14వ తేదీన, రాజధాని అసున్సియోన్‌లో నా కడుపు కోసి గడ్డ తీస్తారు. భయం లేదని డాక్టరు అన్నాడు గాని, ఆ మాట కిటికీ వైపు చూస్తూ అన్నాడు. నేను ఏమీ రాయకుండా పోతే చట్టప్రకారం నాకున్నదంతా నా ఒక్కగానొక్క అన్న పుబ్లియో బ్రితెస్‌కు పోతుంది. ఈ సంగతి ఆయనకు నాకంటే ముందే తెలుసు. జనవరిలో ఆయన, మా పొలంలో బావి పక్క ఇంట్లో ఉంటున్న ఎలీహియా చోకెకు ఒక కాగితం పంపాడు. ఈస్టర్ లోపల ఆ ఇల్లు ఖాళీ చెయ్యాలట, అక్కడ కంచె వేసి చాకో యుద్ధవీరుల స్మారకం కడతారట. భూమి నా పేరున ఉంది, కనుక ఆ కాగితం పొయ్యి రాజేసుకోవడానికి పనికొస్తుంది. కొట్టు దగ్గర ఎలీహియా భర్త ఆ మాటే అంటే, మా అన్న చెప్పిన జవాబు అక్కడున్న నలుగురూ విన్నారు: "దెయోలిందా ఆసుపత్రికి వెళ్తోందిగా. వెళ్లి రానీ. ఆ తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం." "రానీ" అన్నప్పుడు నవ్వాడట. నేను రానక్కర లేకుండానే మాట్లాడవలసింది మాట్లాడి పెట్టి వెళ్తున్నాను.

2. భూమి, ఇల్లు, బావి. మా నాన్న 1986లో నా పేర రాసి, రిజిస్టరు చేయించి ఇచ్చిన ఏడు హెక్టార్ల భూమి, అందులో నేనుంటున్న ఇల్లు, కొట్టం, నారింజ చెట్లు, బావి. హద్దులు: తూర్పున వాగు, పడమర బళ్ల బాట, ఉత్తరాన నిమియా గారి పత్తిచేను, దక్షిణాన ఒకప్పుడు మా అన్న వాటాకు వచ్చిన ఎనిమిది హెక్టార్లు, ఇప్పుడు బ్రెజిల్ వాళ్ల సోయా. ఆ ఎనిమిది హెక్టార్లు నాన్న బతికుండగానే, నాన్నకు చెప్పకుండా అమ్మాడు గనుక, "తండ్రి భూమి, తండ్రి గుర్తు" అనే మాట మా అన్న నోట వస్తే కోర్టువారు దక్షిణపు హద్దు ఒకసారి చూసి రావాలని మనవి.

పై నాలుగు హద్దుల మధ్య ఉన్నదంతా, చెట్టూ చేమా నీరూ నిప్పూ సహా, సర్వహక్కులతో ఎలీహియా చోకెకు చెందాలి. వయసు నలభై ఆరు, ఫౌస్తినో చోకె కూతురు, బావి పక్క ఇంట్లో పుట్టింది. ఇది నేను జాలిపడి ఇస్తున్న దానం అని ఎవరైనా అంటే వాళ్లు మూడో అంశం రెండుసార్లు చదవాలి.

3. ఫౌస్తినో చోకె ఎవరు, ఆ బావి ఎవరు తవ్వారు. మా ఊళ్లో ఫౌస్తినోను ముప్పై ఏళ్లు వచ్చినవాళ్లూ, మూడేళ్లవాళ్లూ "బొలివీ" అనే పిలిచేవారు. నేను కూడా పిలిచాను. మన దేశం బొలీవియాతో చేసిన చాకో యుద్ధంలో పట్టుబడ్డ అవతలి సిపాయి అతను. వాళ్ల దేశంలో గనుల్లో పని చేసేవాడు. మన సర్కారు యుద్ధఖైదీలను పొలాల్లో పనికి పంచిపెట్టినప్పుడు మా నాన్న అడిగి మరీ అతన్ని తెచ్చుకున్నాడు. యుద్ధం అయిపోయి మిగతావాళ్లంతా రైలెక్కి వెళ్లిపోయినా అతను వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో మాకెవరికీ తెలియదు, అడిగినవాళ్లు లేరు. మా పొలంలోనే నలభై ఆరేళ్లు పని చేసి 1981లో పోయాడు.

నాన్న గురించి ఊరు చెప్పుకునే కథ వేరే ఉంది. ప్రతి సెప్టెంబరు 29న, చాకో విజయదినం నాడు, బడిలో, తర్వాత చౌరస్తాలో స్టేజీ మీద, ఆ కథ చెప్పేవారు. ఇద్దరు శత్రు సిపాయిలు దాహంతో చచ్చిపోతుంటే, వీరుడు కాసియానో బ్రితెస్ తన కప్పులోంచి వాళ్లకు నీళ్లిచ్చాడట. ఎనిమిదేళ్లప్పుడు నేనే జడ వేసుకుని, రిబ్బను కట్టుకుని, బల్ల మీదికెక్కి ఆ కథ అప్పజెప్పాను. ఫౌస్తినో కంచె బయట నిలబడి విన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అతనూ కొట్టాడు.

పోయిన సంవత్సరం జూలైలో నాన్న మంచం పట్టి, మూడు రోజులు రోజుకు కొంచెం చొప్పున, అసలు జరిగింది నాతో చెప్పాడు. నేను ఏ రోజు మాట ఆ రోజే రాసుకున్నాను. ఆ నోటుబుక్కు నోటరీ గారి దగ్గర ఉంది. సారం ఇది.

1933 డిసెంబరు. నాన్నకు ఇరవై ఏళ్లు. పదకొండు మంది మనవాళ్లు, ఇద్దరు ఖైదీలు, అడవిలోంచి వెనక శిబిరానికి రెండు రోజుల నడక. ఖైదీలు అన్నదమ్ములు: ఫౌస్తినో, వాడి తమ్ముడు సిల్వేరియో. సిల్వేరియోకి పద్దెనిమిది నిండాయో లేదో. అందరికీ కలిపి ఒక్క డబ్బా నీళ్లు. మధ్యాహ్నం చెట్టు కింద ఆగి తెరెరే కలిపారు. కొమ్ముకప్పులో ఆకుపొడి వేసి, చల్లనీళ్లు పోసి, ఒకే గొట్టంతో ఒకరి తర్వాత ఒకరు. పోసేవాడు మా నాన్న. సార్జెంటు అన్నాడు, "వాళ్లకీ ఇవ్వండ్రా, మనుషులేగా." సిల్వేరియో తాగాడు. తాగి, కప్పు రెండు చేతులతో వెనక్కిచ్చి, తల వంచి, "గ్రాసియాస్" అన్నాడు. ఫౌస్తినో కూడా తాగి, "గ్రాసియాస్" అన్నాడు.

తెలిసిన సంగతులు కూడా కాగితం మీద ఉండాలని నోటరీ గారు అన్నారు గనుక రాస్తున్నాను. గ్రాసియాస్ అంటే ఎక్కడైనా కృతజ్ఞత చెప్పడమే, కానీ మన దేశంలో తెరెరే కప్పు తిరిగిచ్చేటప్పుడు అంటే "నాకు చాలు" అని అర్థం. ఇంకా కావలసినవాడు ఏమీ అనడు, ఊరికే ఇస్తాడు. గ్రాసియాస్ అన్నవాడి దగ్గరికి కప్పు మళ్లీ వెళ్లదు. ఇది మన ఊళ్లో పాలు మానని పిల్లలకు కూడా తెలుసు. కొండల్లో పుట్టిన ఆ ఇద్దరికీ తెలియదు. ఎవరైనా ఏదైనా పెడితే గ్రాసియాస్ అనాలని వాళ్లమ్మ నేర్పింది.

కప్పు ఆ మధ్యాహ్నం ఆరుసార్లు తిరిగింది. ఆ ఇద్దరి ముందు నుంచే తిరిగింది. "చాలట దొరబాబులకి," అన్నాడు సార్జెంటు. అందరూ నవ్వారు. సాయంత్రం ఆగినప్పుడు మళ్లీ ఒక్కొక్క కప్పు ఇచ్చారు, మళ్లీ గ్రాసియాస్ అన్నారు, మళ్లీ వాళ్ల వంతు అయిపోయింది. మర్నాడు కూడా అంతే. నాన్న నాతో అన్న మాట ఇది, ఒక్క అక్షరం మార్చలేదు: "దాహం ఎక్కువైనకొద్దీ ఇంకా మర్యాదగా చెప్పేవాళ్లమ్మా. మర్యాద చాల్లేదేమో, ఇంకొంచెం బాగా చెప్తే ఇంకో కప్పు ఇస్తారేమో అనుకున్నారు."

మర్నాడు మధ్యాహ్నానికి సిల్వేరియో కూర్చుని లేవలేదు. ఫౌస్తినో వాణ్ని ఎత్తుకుని కొంతదూరం నడిచాడు. తర్వాత ఎత్తుకుని నడవవలసిన పని లేకపోయింది. శిబిరం చేరేసరికి డబ్బాలో ఇంకా మూడో వంతు నీళ్లున్నాయి.

నేను నాన్నను అడిగాను, తెలియక చేశావా అని. ఆయన గోడవైపు తిరిగి చెప్పాడు: "రెండో రౌండుకే తెలిసిపోయిందే. వాడి పెదాలు చూశాను. నా చేతిలోనే ఉంది కప్పు. ఇస్తే మనవాళ్లు నవ్వుతారని ఇవ్వలేదు."

ఇదీ మా ఊరి వీరుడు శత్రువుకు నీళ్లిచ్చిన కథ.

ఇక బావి. 1936లో మా పొలంలో బావి తవ్వబోతే ఆరు మీటర్లకు రాయి పడింది. బావులు తవ్వేవాళ్లు ఇద్దరు వచ్చి, చూసి, వెళ్లిపోయారు. ఫౌస్తినో గుంటలోకి దిగి, సుత్తితో రాయిని అక్కడక్కడ కొట్టి చెవి పెట్టి విన్నాడు. పైకి వచ్చి, మూడడుగులు పక్కకు జరిగి, గీత గీశాడు. మొదటి దెబ్బ వెయ్యబోయే ముందు సీసాలో ఉన్న చెరకు సారా కొంచెం నేల మీద పోశాడు. గనుల్లో వాళ్ల పద్ధతి అది. మా ఊరివాళ్లు చూసి చేతబడి అన్నారు. యాభై మూడు రోజులు లోపల అతను, పైన గిలక దగ్గర మా నాన్న. ఇరవై రెండు మీటర్లు. నిలువుగా దారం వదిలినట్టు ఉంటుంది, ఇప్పటికీ కొలుచుకోవచ్చు. నీళ్లు పడ్డ రోజు ఊరివాళ్లు బిందెలు పట్టుకుని వచ్చి, ఎవరు తవ్వారని అడిగారు. కొడుకుల్ని యుద్ధంలో పోగొట్టుకున్న తల్లులు వాళ్లలో ఉన్నారు. బొలివీ తవ్విన నీళ్లు మేం తాగం అన్నారు. మా నాన్న, "నేనే తవ్వాను," అన్నాడు. ఆ రోజుకు ఆ అబద్ధం నాకు అర్థమవుతుంది. ఆ తల్లులంతా పోయి, వాళ్ల మనవలు ఆ నీళ్లతో పెరిగి పెద్దవాళ్లయ్యాక కూడా ఆయన ఆ మాట వెనక్కి తీసుకోలేదు. అది నాకు అర్థం కాదు. అర్థం చేసుకోవాలని కూడా లేదు.

ఇంకొకటి. ఫౌస్తినోకు మర్యాద తెలియదని మా ఊళ్లో పేరు. ఏమిచ్చినా తీసుకుని తల ఊపి వెళ్లిపోతాడు, మొద్దు, రాయి, అనేవారు. పదహారేళ్లప్పుడు నేను కొత్తగా కుట్టు నేర్చుకుని, నా మొదటి చొక్కా అతనికి కుట్టి ఇచ్చాను. తీసుకున్నాడు, తల ఊపాడు. నాకు ఒళ్లు మండి, "గ్రాసియాస్ అనడం కూడా రాదా నీకు?" అన్నాను. "వచ్చమ్మా," అన్నాడు. "ఒకప్పుడు బాగా వచ్చేది." నేను నవ్వాను. అలా నవ్వినందుకు నాకు ఏ అంశం కింద ఏ శిక్ష వెయ్యాలో ఈ కాగితంలో చోటు లేదు.

4. బావి మీది పలక. 1974లో మా అన్న అధికార పార్టీ ఆఫీసు తరఫున బావి గట్టుకు ఒక పాలరాతి పలక పెట్టించాడు: "చాకో వీరుడు కాసియానో బ్రితెస్ స్వహస్తాలతో తవ్విన బావి." దాన్ని అతికించడానికి సిమెంటు కలిపింది ఫౌస్తినో. పలక వంకరగా వస్తోందని మా అన్న అతన్ని తిట్టాడు. నా తదనంతరం ఆ పలక తీసెయ్యాలని ఆదేశం రాయబోయాను. రాయనవసరం లేకుండా నిన్న నేనే ఉలితో తీశాను. మూడు ముక్కలైంది. కోళ్ల గూటి ముందు మెట్టుగా వేశాను, అక్షరాలు కిందికి. కొత్త పలక పెట్టాలా, దాని మీద ఏం రాయాలి అన్నది ఎలీహియా ఇష్టం.

5. మా అన్న పుబ్లియో బ్రితెస్. ఆయనకు ఏమీ లేదు. మరిచిపోయి వదిలెయ్యలేదు, తెలిసి వదిలేస్తున్నాను. మరిచిపోయిందని కోర్టులో వాదించకుండా ఆయన పేరు పూర్తిగా రాస్తున్నాను: పుబ్లియో బ్రితెస్, యాభై ఎనిమిదేళ్లు, కాసపా పట్నంలో గేటున్న ఇల్లు.

ఆయన నాన్న దగ్గరికి ఏడాదికి ఒకసారి వచ్చేవాడు, సెప్టెంబరు 29న, ఇస్త్రీ చేసిన యూనిఫాం చేతిమీద వేసుకుని. నాన్నకు గడ్డం గీయించి, మెడల్ గుచ్చి, జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకువెళ్లి, సాయంత్రం గుమ్మం దగ్గర దింపి వెళ్లిపోయేవాడు. దిగేటప్పుడు యూనిఫాం విప్పించుకుని తీసుకుపోయేవాడు, నా దగ్గరుంటే మడతలు పోతాయని. నేను ముప్పై తొమ్మిదేళ్లు ఆయన తండ్రికి వండి పెట్టాను, కాళ్లు కడిగాను, పక్క మార్చాను. వీరుడు ఆయన వాటాకు వెళ్లాడు, ముసలాయన నా వాటాకు వచ్చాడు.

1981లో ఫౌస్తినో పోయినప్పుడు స్మశానంలో మా కుటుంబం స్థలంలో పూడ్చుదామని నాన్న అన్నాడు. "వీరుల పక్కన బొలివీనా? పార్టీలో నన్ను బతకనిస్తారా నాన్నా?" అన్నాడు మా అన్న. నాన్న సరేనన్నాడు. ఫౌస్తినోను స్మశానం గోడ అవతల, వాన నీళ్లు నిలిచే చోట పూడ్చారు. నేను చనిపోతే నన్ను మా అమ్మ పక్కన పెట్టండి. నా పేరు చెప్పి ఎవరూ ఉపన్యాసం ఇవ్వకూడదు. మా అన్న అసలే ఇవ్వకూడదు.

6. నాన్న యూనిఫాం, మెడల్. 1991 సెప్టెంబరు 29న స్టేజీ మీద నాన్నకు మైకు ఇచ్చారు. అప్పటికి ఆయనకు డెబ్భై ఎనిమిది. ప్రతిసారీ చెప్పే రెండు ముక్కలూ చెప్పి కూర్చుంటాడనుకున్నారు. ఆయన మైకు రెండు చేతులతో పట్టుకుని, "ఆ పిల్లలిద్దరూ గ్రాసియాస్ అన్నారు. నేను వాళ్లకి..." అని ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు, "నీళ్లున్నాయి. డబ్బాలో నీళ్లున్నాయి." మా అన్న లేచి వచ్చి, నవ్వుతూ, ఆయన వేళ్లు ఒక్కొక్కటే విడదీసి మైకు తీసుకున్నాడు. "మా నాన్నగారికి భావోద్వేగం ఎక్కువైంది, చప్పట్లు కొట్టండి," అని బ్యాండు వైపు చెయ్యి ఊపాడు. బ్యాండు వాయించారు. నేను జనంలో నిలబడి చూశాను. ఆ రోజు నుంచి పోయేదాకా, నాతో చెప్పిన ఆ మూడు రోజులు తప్ప, నాన్న ఊళ్లో ఎవరితోనూ యుద్ధం మాట ఎత్తలేదు.

యూనిఫాం తకువారీ బడికి ఇస్తున్నాను. (అది మా అన్న ఇంట్లో ఉంది. ఆయన ఇవ్వకపోతే దొంగసొత్తుగా లెక్కించాలి. నాన్న పెన్షను పుస్తకంలోనే "నా బట్టలు నా కూతురికి" అని తన చేత్తో రాసి ఉంది.) షరతు ఒకటి: ప్రతి సెప్టెంబరు 29న పిల్లలకు ఈ వీలునామాలోని మూడో అంశం చదివి వినిపించాలి. పూర్తిగా, డబ్బాలో మిగిలిన నీళ్లతో సహా. చదవనంటే యూనిఫాం కూడా వద్దు, అంట్లు తోముకునే గుడ్డ చెయ్యమని హెడ్మిస్ట్రెస్ బసీలియా గారికి చెప్పాను. ఆమె చదువుతానంది.

మెడల్ ఎవరికీ లేదు. అంత్యక్రియలప్పటి నుంచి మా అన్న దానికోసం నా బీరువా రెండుసార్లు వెతికాడు. అది నాన్న శవపేటికలో, ఆయన ఎడమ చేతి కింద ఉంది. నేనే పెట్టాను. కావాలంటే తవ్వుకోవచ్చు, ఆ ఇంట్లో ఎవరో ఒకరు నిజంగా పార పట్టినట్టవుతుంది.

నాన్నా, ఇది నీకు కూడా. నువ్వు నాకు చెప్పావు, మంచిదే. అరవై ఏళ్లు ఆలస్యంగా, తలుపు వేసి, నాకొక్కదానికే చెప్పావు. అతను బతికున్నప్పుడు నలభై ఆరేళ్లు రోజూ పొద్దున అతనితో కలిసి ఒకే కప్పులో తాగావు. ఒక్క రోజైనా కప్పు చేతికిస్తూ ఆ మాట అనలేకపోయావు. నిన్ను ప్రేమించడం నాకు కష్టమేమీ కాలేదు. క్షమించడం నా పని కాదు, నా భూమిలాగా రాసి ఇచ్చెయ్యడానికి నాకు చెందింది కూడా కాదు.

7. చిన్న చిన్నవి.

నిమియా గారికి, మా రోలు. 1982లో మొక్కజొన్న దంచుకుంటానని తీసుకువెళ్లి, తమ ఇంటి రోలు అని అందరికీ చెప్పుకుంటోంది. ఇక చెప్పుకోవచ్చు. అడుగున చిట్లిన చోట సున్నం పెట్టింది నేనే అని ఆమెకు తెలిస్తే చాలు.

ఎర్రకోడి, దాని కింద పిల్లలు ఎన్ని వస్తే అన్ని, ఎలీహియా చిన్న కూతురు రుఫీనాకు. ఆ పిల్ల రోజూ వచ్చి గుడ్లు వేడిగా ఉన్నాయా అని ముట్టుకు చూస్తుంది, ముట్టుకోవద్దని నేను రోజూ కసురుతాను. ఇక కసిరేవాళ్లు ఉండరు కాబట్టి తనే కసురుకోవాలి.

చిపా రొట్టెలు కాల్చే మట్టి పొయ్యి ఇంటితో పాటే వెళ్తుంది. ఎడమవైపు త్వరగా మాడుతుంది, ఎలీహియా గుర్తుంచుకోవాలి.

ఊరి ఫాదర్ గారికి ఏమీ లేదు. ఫౌస్తినోను గోడ అవతల పూడ్చినప్పుడు ఆయన గొడుగు పట్టుకుని గోడ ఇవతలే నిలబడి ప్రార్థన చదివారు. ప్రార్థన వినపడింది, కానీ ఆయన గోడ దాటి రాకపోవడం నేను చూశాను.

8. బావి నీళ్లు ఎవరికీ కాదనకూడదని, బావికి తాళం వెయ్యకూడదని ఎలీహియాకు షరతు పెడదామని ఇక్కడ ఒక అంశం రాశాను. మర్నాడు చదువుకుని కొట్టేశాను. ఫౌస్తినో చోకె బావి మీద ఫౌస్తినో చోకె కూతురికి షరతులు పెట్టడానికి బ్రితెస్ ఇంటివాళ్లం మేమెవరం? తాళం వేసుకుంటే వేసుకోనీ. మా ఊరు ఒక ఎండాకాలం ఆమె గుమ్మం ముందు బిందె పట్టుకుని నిలబడినా నేను ఏమీ అనుకోను. ఆమె అలా చెయ్యదని నాకు తెలుసు.

9. నా కుట్టు మిషను, కత్తెర, దారాల పెట్టె మా వదిన తెయోదొరాకు, అంటే పుబ్లియో భార్యకు. ముప్పై నాలుగేళ్లలో మా వదిన, నేను మనసు విప్పి మాట్లాడుకున్నది చాలా తక్కువ. మా అన్న ఉన్నచోట ఆమె మాట్లాడదు, లేనిచోటికి ఆయన పంపడు. కానీ ఎప్పుడు వచ్చినా ఆ మిషను పక్కన కూర్చుని, చక్రం మీద చెయ్యి వేసి, "ఎంత మెత్తగా తిరుగుతోందో," అనేది. ఆమె ఇంట్లో మిషను లేదు. దర్జీవాడు ఉండగా నీకెందుకు అన్నాడట ఆయన.

10. తొమ్మిదో అంశం రద్దు. పై తొమ్మిదీ ఆదివారం రాసి ముగించాను. ఈ రోజు మంగళవారం నోటరీ గారి ఆఫీసులో సంతకం పెట్టాలి, ముగ్గురు సాక్షులు కావాలి. హెడ్మిస్ట్రెస్ బసీలియా గారు ఒప్పుకున్నారు. బస్సు కండక్టర్ అనీసెతో ఒప్పుకున్నాడు. మూడోవాళ్లు దొరకలేదు. "పుబ్లియోతో మాకెందుకమ్మా, పార్టీ వాళ్లు," అన్నారు. "నువ్వు వెళ్లి క్షేమంగా రా, వచ్చాక చూద్దాం," అన్నారు. మా బావి నీళ్లు తాగి పెరిగినవాళ్లే అందరూ. సాక్షి లేక ఈ కాగితం చెల్లకుండా పోతే ఎలీహియా ఈస్టర్‌కు రోడ్డు మీద ఉంటుంది, ఆ సంగతి వాళ్లకు తెలిసే అన్నారు.

పదకొండు గంటలకు మా వదిన ఆఫీసుకు వచ్చింది. నేను పిలవలేదు. వంట గుడ్డ ఇంకా ఆమె భుజం మీదే ఉంది. "మూడో మనిషి దొరకలేదని కొట్టు దగ్గర విన్నాను," అంది. నోటరీ గారు ఉన్నమాట చెప్పారు: సాక్షిగా సంతకం పెట్టేవాళ్లకు, వాళ్ల భర్తకు ఈ వీలునామాలో చిల్లిగవ్వ రాకూడదు, వస్తే చెల్లదు. భర్తకు ఎలాగూ ఏమీ లేదు. నేను అన్నాను, "వదినా, నీకు మిషను రాశాను. సంతకం పెడితే అది పోతుంది. ఆలోచించుకో. ఇంటికి వెళ్లాక అన్నయ్య ఏం చేస్తాడో అది కూడా ఆలోచించుకో."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ రోజు స్టేజీ మీద మామయ్య పక్క కుర్చీ నాది," అంది. "మైకు లాక్కున్నాక ఆయన ఆపలేదు, దెయోలిందా. బ్యాండు మోగుతుంటే నా చెవిలో చివరిదాకా చెప్పాడు. రెండున్నరేళ్ల నుంచి నేనెవరికీ చెప్పలేదు. మిషను ఎవరికైనా ఇచ్చుకో. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు."

కనుక తొమ్మిదో అంశం కొట్టివేయడమైనది. మిషను కూడా ఇంటితో పాటు ఎలీహియాకు వెళ్తుంది. నేను ఇంతకుముందు రాసిన వీలునామా ఏదీ లేదు, ఉందని ఎవరైనా తెస్తే అది దొంగది. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత నోటరీ అల్సిదెస్ రొలోన్ గారిది.

కాసపా, 1994 మార్చి 8, మంగళవారం, పగలు పదకొండూ నలభై.

(చేవ్రాలు) దెయోలిందా బ్రితెస్

సాక్షులు:

బసీలియా ఒర్తెగోసా, హెడ్మిస్ట్రెస్, తకువారీ బడి.

అనీసెతో గావిలాన్, బస్సు కండక్టర్, తకువారీ.

తెయోదొరా వెరా, పుబ్లియో బ్రితెస్ భార్య. మూడో అంశంలో రాసింది మా మామగారు తన నోటితో చెప్పగా నేను విన్నాను. ఏ కోర్టులోనైనా, మా ఆయన ఎదురుగానైనా చెప్తాను.